మా కాలనీ 'మెంబరు'

కాలనీలో 12 సీసీ కెమెరాలున్నాయి. రెండొందల పైచిలుకు సభ్యులతో వాట్సాప్ గ్రూపుంది. సంక్షేమ సంఘం ఉంది, దానికో కార్యవర్గం ఉంది, ఏటేటా ఎన్నికలూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా... కుక్క కరిచిన ఓ పిల్లాడి కాలిని సబ్బుతో కడగడానికి మాకు గంటన్నర పట్టింది!

మేం ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డు వైపు స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకునేనాటికి అది గ్రామ పంచాయతీ. చుట్టూ తుమ్మచెట్లు, హద్దురాళ్లు, రాత్రయితే చీకటి. బస్సు దిగి మట్టిరోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిస్తే ఇల్లొచ్చేది. 2016లో మున్సిపాలిటీ అయ్యాం. 2019లో కార్పొరేషన్ అన్నారు. 2025 డిసెంబరులో నగరం చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలూ కార్పొరేషన్లతో పాటు మమ్మల్నీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. మా ఇల్లు ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు. చిరునామా మాత్రం మారుతూనే ఉంది. మధ్యలో బాగుపడింది ఎవరయ్యా అంటే, కమాను మీద బోర్డులు రాసే పెయింటరు!

ఈ మార్పులన్నిటినీ దగ్గరుండి చూసిన జీవి ఒకటి మా కాలనీలో ఉంది. గోధుమరంగు ఊరకుక్క. పంచాయతీ రోజుల్లో పిల్లగా వచ్చింది. పొద్దున్నే మొదటి లైన్లో మొదలుపెట్టి ప్రతి గడప ముందూ ఓ నిమిషం నిలబడి, యోగక్షేమాలు కనుక్కున్నట్టు చూసి, పెట్టింది తిని, పక్కింటికి వెళ్లేది. అచ్చం ఓట్ల ముందు వచ్చే అభ్యర్థిలాగే! అది చూసి మా వీధిలోని రిటైర్డ్ మాస్టారు దానికి 'వార్డు మెంబరు' అని పేరు పెట్టారు. మున్సిపాలిటీ అయ్యాక పిల్లలు 'కౌన్సిలరు' అని పిలిచి చూశారు. కార్పొరేషన్ అయ్యాక 'కార్పొరేటరు' అన్నారు. ఊహూఁ, పలకలేదు. 'మెంబరూ' అంటేనే తోక ఊపింది. పదవి పెరిగినా పాత పిలుపు మరిచిపోని ప్రజాప్రతినిధి మా ఎరుకలో అదొక్కటే.

మా ఇంట్లోనూ ఒక కుక్క ఉంది. పేరు బ్రూనో. లాబ్రడార్. మా అబ్బాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో ముచ్చటపడి తెచ్చాడు. తర్వాత వాడికి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. సూట్‌కేసులు వాడితో వెళ్లాయి. కుక్క మాకు మిగిలింది. మా శివారు కాలనీల్లో ఇది కొత్తేం కాదు. పిల్లలు విదేశాల్లో, పిల్లలు పెంచిన కుక్కలు తల్లిదండ్రుల దగ్గర. వీడియో కాల్‌లో వాడు ముందు 'బ్రూనో ఏదీ?' అంటాడు. ఆ తర్వాతే 'నాన్నా, బీపీ ఎలా ఉంది?' అని అడుగుతాడు.

ఆ సాయంత్రం ఏం జరిగిందంటే...

2025 సెప్టెంబరు 2. వినాయక నవరాత్రులు. మండపం దగ్గర మధ్యాహ్నం అన్నదానం జరిగింది. సాయంత్రం ఆరు కావస్తుండగా నా ఫోను టింగుమంది. 'మూడో లైన్లో ఒక పిల్లాడిని కుక్క కరిచింది. అందరూ జాగ్రత్త' అని గ్రూపులో ఎవరో పెట్టారు.

అంతే! రెండు నిమిషాల్లో కెమెరా వీడియో కూడా వచ్చేసింది. పిల్లాడు ఖాళీ ప్లాటు వైపు వెళ్లడం, గోధుమరంగు కుక్క ఒకటి వాడి మీదికి రావడం, వాడు కిందపడటం... మసకమసగ్గా కనిపించాయి. 'మెంబరే!' అని ఒకాయన తీర్పు చెప్పేశారు. 'కాదు, మెంబరు తోక వంకర, దీనిది తిన్నగా ఉంది' అని ఇంకొకరు వాదించారు. వీడియోని ఆపి, పెద్దది చేసి, తోక చుట్టూ ఎర్రగీత గీసి మరీ పంపారు.

అక్కణ్నుంచి గ్రూపు రెండు వర్గాలైంది. 'మొత్తం కుక్కల్ని ఎత్తించెయ్యాలి' అనేది ఒక వర్గం. 'అవి ఎక్కడికి పోతాయండీ పాపం' అనేది రెండో వర్గం. తమాషా ఏంటంటే, ఇద్దరూ సుప్రీంకోర్టునే తోడు తెచ్చుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించాలంది. మొదటివర్గం దాన్ని పంపింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టుకున్న చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దనీ, తిండి వీధుల్లో ఎక్కడపడితే అక్కడ కాకుండా నిర్ణయించిన చోటే పెట్టాలనీ చెప్పింది. రెండోవర్గం దీన్ని పంపింది. తొలి ఉత్తర్వు వాళ్లు రెండోది చదవలేదు. రెండోది పంపినవాళ్లు అందులో తమకు నచ్చిన ముక్కే చదివారు.

ఆ తర్వాత రాజకీయం వచ్చింది. 'మీ పార్టీ ఉన్నప్పుడు ఏం చేశారు?' అని ఒకరు. 'ఇప్పుడు మీ పార్టీ ఏం చేస్తోంది?' అని ఇంకొకరు. నేను మాత్రం తక్కువ తిన్నానా! 'పౌరులకు బాధ్యత లేకపోతే ప్రభుత్వాలేం చేస్తాయి' అంటూ ఒక పేరాగ్రాఫు రాసి పడేశాను. దానికి 14 మంది చప్పట్లు కొట్టారు కూడా.

అంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి అడిగింది.

"ఇంతకీ ఆ పిల్లాడెవరండీ?"

నేను గ్రూపంతా పైకీ కిందికీ జరిపి చూశాను. తోక గురించి ఉంది. తీర్పు గురించి ఉంది. పిల్లాడి గురించి ఎక్కడా లేదు.

గ్రూపులో లేని ఇల్లు

మా ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరింది. వెనకే నేను. అడుగుతూ వెళితే తేలిందేమిటంటే... వాడు మూడో లైన్లో కడుతున్న బిల్డింగు దగ్గర కాపలా ఉండేవాళ్ల కొడుకు. రెండో తరగతి. వాళ్లది పాలమూరు వైపు పల్లె. సిమెంటు బస్తాల పక్కన రేకుల గదిలో కాపురం. కాలనీ గ్రూపులో వాళ్లు లేరు. ఉండరు కూడా. ప్లాటు ఓనర్లకే సభ్యత్వం!

పిల్లాడు మంచమ్మీద కూర్చుని ఉన్నాడు. పిక్క మీద రెండు పళ్ల గాట్లు. వాటిమీద ఎర్రగా ఏదో మెత్తి ఉంది. రక్తమనుకున్నాను. కాదు, కారం!

"ఏం గాదమ్మా, జర పన్ను దిగింది అంతే. కారం పెట్టిన. ఇషం గుంజుకుంటదంట," అంది వాళ్లమ్మ.

మా ఆవిడ ఇంకో మాట మాట్లాడలేదు. పిల్లాడిని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, కాలు ధార కింద పెట్టి, బట్టల సబ్బుతో కడగడం మొదలుపెట్టింది. వాడు మండిపోయి ఏడుస్తున్నాడు. "అయిపోయింది నాన్నా, అయిపోయింది," అంటూనే పావుగంట కడిగింది. నేను టైము చూశాను. ఏడూ ఇరవై ఐదు. అంటే కరిచిన గంటన్నరకి!

గ్రూపులో అప్పటికి 143 మెసేజీలున్నాయి. 'గాయం కడిగారా?' అన్న ముక్క ఒక్కదాంట్లోనూ లేదు.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో జరిగింది మనమెవరం మరిచిపోలేదు. నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల మధ్య చిక్కుకుని ప్రాణాలొదిలాడు. ఆ తండ్రి కూడా కాపలా పని చేసుకునేవాడే. ఆ దృశ్యాన్ని రాష్ట్రమంతా ఫోన్లలో చూసి కన్నీళ్లు పెట్టుకుంది. కానీ జరుగుతున్నప్పుడు చూసింది కెమెరా ఒక్కటే. కెమెరా ఉన్నచోట మనిషి కూడా ఉన్నట్టే అనుకోవడం మనకు అలవాటైపోయింది.

బొడ్డు చుట్టూ 14

ఆ రాత్రే పిల్లాడినీ తండ్రినీ స్కూటర్ మీద ఎక్కించుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. దారిలో నా చిన్నతనం గుర్తొచ్చింది. మా ఊళ్లో కుక్క కరిచిందంటే ఇల్లంతా శోకాలే. కరిచినందుక్కాదు... బొడ్డు చుట్టూ వేసే 14 ఇంజెక్షన్లకి! జంతువుల నాడీ కణజాలంతో తయారుచేసే ఆ పాతరకం టీకా వాడకం మన దేశంలో 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పుడు వేసేది జబ్బకే. పుచ్చుకునే పిల్లాడు చీమ కుట్టినట్టు మొహం పెడతాడు, అంతే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గాయం చూసి, మొదట అడిగిన ప్రశ్న "కడిగారా?" అని. కడిగామన్నాం. "మంచి పని చేశారు. సగం వైద్యం అదే," అంది. గాయం లోతుగా ఉంది కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు. టీకా ఒంట్లో రక్షణ తయారుచేయడానికి కొన్నాళ్లు పడుతుంది. ఆలోపు కాపలా కాసేది ఈ మందు.

ఆవిడ చెప్పిన మాటలు నేను కార్డు వెనక రాసుకున్నాను. మీరూ ఫ్రిజ్ మీద అంటించుకుంటే మంచిదే.

కుక్క కరిస్తే, రక్కినా సరే, వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి... ఏదీ మెత్తకూడదు. కట్టు కట్టకూడదు. అదే రోజు మొదటి టీకా. ఆ రోజుని సున్నాగా లెక్కపెట్టుకుని మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో మిగతావి. కొన్నిచోట్ల కండకిచ్చే పద్ధతిలో పద్నాలుగో రోజున కూడా ఒకటి ఉంటుంది. కార్డు మీద ఏం రాస్తే అదే పాటించాలి. గాయం మానిపోయిందని మధ్యలో ఆపకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. బయటపడక ముందైతే ఆపడం పూర్తిగా మన చేతుల్లో పని. 1885 జులైలో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లాడికి టీకా వేసి నిరూపించింది ఇదే.

తర్వాత ఆవిడ మరో ప్రశ్న అడిగింది.

"కరిచిన కుక్క వీధిదా, పెంపుడుదా? పెంపుడుదైతే టీకా వేయించారా?"

"వీధిదేనండీ," అన్నాను. అన్నాను గానీ, ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికొచ్చింది. రాత్రి పదకొండింటికి బీరువా తెరిచి బ్రూనో కార్డు వెతికి తీశాను. మా అబ్బాయి విమానం ఎక్కకముందు వేయించిన టీకాయే ఆఖరుది. ఏటా వేయించాల్సింది... రెండేళ్లు దాటిపోయింది! గేటు దగ్గరికి పాలవాడొస్తాడు. పేపరు కుర్రాడొస్తాడు. రోజూ పక్కింటి పాప దాని మెడ పట్టుకుని ఆడుకుంటుంది. పౌరుల బాధ్యత గురించి సాయంత్రం నేను రాసిన పేరాగ్రాఫు ఫోన్లో అలాగే ఉంది. దాని కింద 14 జతల చేతులు చప్పట్లు కొడుతూనే ఉన్నాయి.

మర్నాడు వీడియో కాల్‌లో మా అబ్బాయికి చెబితే, "ఇక్కడ రేబిస్ టీకా చట్టప్రకారం తప్పనిసరి నాన్నా," అన్నాడు. మన నగరంలోనూ పెంపుడు కుక్కకి టీకా వేయించి లైసెన్సు తీసుకోవాలన్న నిబంధన ఉంది. లేనిదల్లా మనకి గుర్తు!

అసలు ముద్దాయి ఎవరు?

మూడో రోజు, అంటే సెప్టెంబరు 5న, రెండో టీకాకి వెళుతుంటే పిల్లాడు తనంతట తనే అసలు సంగతి చెప్పాడు.

"మెంబరు గాదు సార్. కుక్కపిల్లలున్నయి గాడ. ఒకటి ఎత్తుకున్న. వాళ్లమ్మ కరిచింది."

వెళ్లి చూశాం. ఖాళీ ప్లాట్లో కూలిన ప్రహరీ పక్కన ఆరు పిల్లలు. వాటి తల్లిదీ గోధుమరంగే. దాని ముందు ఓ గుట్ట... మండపం దగ్గర అన్నదానం తాలూకు విస్తళ్లు, పులిహోర, పాచిపోయిన సాంబారు అన్నం. దాని కింద పాత పొరలు తవ్వితే ఎవరెవరింటి బర్త్‌డే బిర్యానీయో చెప్పొచ్చు. ఆ గుట్ట కాలనీ వాళ్లం అందరం కలిసి వేసింది. చెత్తబండి పొద్దున వచ్చినప్పుడు నిద్రపోయి, రాత్రి చీకట్లో కవరు విసిరేది మనమే. తిండి దొరికినచోట కుక్క చేరుతుంది. రెండు నెలల్లో ఈనుతుంది. పిల్లల్ని ముట్టుకోబోతే ఏ తల్లయినా ఊరుకోదు.

కుక్కల్ని ఎక్కడికో తోలేస్తే సమస్య తీరుతుందా? తిండి అలాగే ఉంటే ఆ ఖాళీలోకి పక్క కాలనీవి వస్తాయి. వాటికి ఆపరేషనూ ఉండదు, టీకా ఉండదు. అలాగని దారిలో వేసి తినిపించి, 'మూగజీవాలు' అంటూ చేతులు దులుపుకుంటే సరిపోతుందా? దాని ముందునుంచి బడికి వెళ్లే పిల్లాడూ జీవే కదా! 2001లో తొలిసారి వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్ని 2023లో మార్చారు. వాటి ప్రకారం కాలనీలో ఎక్కడ తిండి పెట్టాలన్నది సంక్షేమ సంఘం ఏర్పాటు చేయాలి. పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకీ, రాకపోకల దారికీ దూరంగా ఉండాలి. రెండు వర్గాల్లో ఎవరం అప్పటిదాకా ఆ నిబంధన చదివిన పాపాన పోలేదు.

కెమెరా మాత్రం ఒక మంచి పనికి అక్కరకొచ్చింది. కరిచిన కుక్కని పదిరోజులు గమనించాలని డాక్టరమ్మ చెప్పింది. పదిరోజులూ ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే. టీకాలు మాత్రం దానికోసం ఆగకూడదు. ఏడో నంబరు కెమెరా ఆ ప్లాటు వైపే ఉంది. మాస్టారూ నేనూ రోజూ ఉదయం, సాయంత్రం దాంట్లో తల్లికుక్కని చూసేవాళ్లం. తిన్నదా, పాలిచ్చిందా, నడక తిన్నగా ఉందా... పదోరోజున మాస్టారు "పాస్!" అన్నారు, పరీక్ష పేపరు దిద్దినట్టు.

ఇరవై ఎనిమిదో రోజు

సెప్టెంబరు 9న మూడో టీకాకి పిల్లాడి తండ్రి వెనకాడాడు. "పుండు మానింది గద సార్. పొద్దుగాల పోతే కూలి పోతది," అన్నాడు. తప్పు అతనిదని ఎలా అనగలం? ఒక పూట కూలీ అంటే ఆ ఇంట్లో ఒక పూట కూడు. ఆ రోజు మా ఆవిడ పిల్లాడిని ఆటోలో తీసుకెళ్లి వేయించుకొచ్చింది.

మిగిలింది ఆఖరుది. సెప్టెంబరు 30. సద్దుల బతుకమ్మ హడావుడి. బడికి దసరా సెలవులు. వారం ముందే వాళ్లు ఊరెళ్లిపోయారు. రేకుల గదికి తాళం. నాకు గుండెల్లో రాయి పడింది. తండ్రికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండు రోజులు వరసగా చేశాను. మూడోరోజు ఎత్తాడు.

"కార్డు తెచ్చుకున్నారా?"

"మా ఆడామె సంచిల పెట్టింది సార్."

"ఆ కార్డు పట్టుకుని మీ దగ్గర్లో ప్రభుత్వాసుపత్రి ఉంటే వెళ్లండి. ముందు మూడూ ఎక్కడ వేసినా నాలుగోది అక్కడ వేస్తారు. ముప్ఫయ్యో తారీఖు. మరిచిపోవద్దు."

సరేనన్నాడు. కానీ నాకు నమ్మకం కుదరలేదు. ముప్ఫయ్యో తారీఖు పొద్దున్నించీ ఫోను చేతిలోనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి టింగుమంది. ఎవరి ఫోన్ నుంచో పంపిన ఫొటో. నలిగిపోయిన టీకా కార్డు. దానిమీద నాలుగో గడిలో నీలం సిరా సంతకం. కార్డు మూలన పట్టుకున్న చిన్న వేళ్లు, వాటికంటుకున్న తంగేడు పూల పసుపు.

ఆ ఫొటోని కాలనీ గ్రూపులో పెట్టాను. తోక గురించి 143 మెసేజీలొచ్చిన గ్రూపులో దీనికి ఆరొచ్చాయి. ఒకటి అధ్యక్షుడుగారిది. 'వాచ్‌మన్ల నంబర్లు, పనివాళ్ల నంబర్లు కూడా గ్రూపులో చేరుద్దామా?' అని అడిగారు. ఎవరూ కాదనలేదు. ఇప్పుడు ఉన్నారు.

పిల్లలు పాలు మానాక నవంబరులో మున్సిపాలిటీ బండి వచ్చింది. తల్లికుక్కనీ, మెంబరునీ తీసుకెళ్లి ఆపరేషన్ చేసి, టీకా వేసి, కొన్నాళ్లకి తెచ్చి వదిలింది. ఇద్దరికీ చెవి అంచున చిన్న కత్తిరింపు గుర్తు. ఖాళీ ప్లాటు ఓనరు ప్రహరీ కట్టించాడు. ఇంకా రాత్రిపూట కవర్లు విసిరేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఎవరో నాకు తెలుసు, ఏడో నంబరు కెమెరా పుణ్యమా అని! గ్రూపులో పెట్టలేదు. ఇంటికెళ్లి కాఫీ తాగి, చెప్పొచ్చాను.

ఇక మెంబరు... చెవి కత్తిరింపుతో మునుపటికంటే హుందాగా కనిపిస్తోంది. మేం మహానగరంలో కలిసిన మర్నాడు మాస్టారు దాన్ని పిలిచి, "ఒరేయ్, ఇక నువ్వు గ్రేటర్ కార్పొరేటరువిరా," అన్నారు. అది ఒకసారి ఆయన వైపు చూసి, ఆవులించి, తన రౌండుకి బయల్దేరింది. మొదటి లైను, రెండో లైను, మూడో లైను... కొత్తగా రేకుల గది ముందూ ఓ నిమిషం ఆగుతోంది.

బ్రూనోకి టీకా వేయించాం. మరి, మీ ఇంట్లో కార్డు ఏ బీరువాలో ఉందో ఒకసారి చూస్తారా?